నూగు ముళ్లు దిగితే ఏం చేయాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తొలకరికి ముందు చెలకలు బాగుచేసుకుని, గెట్ల మీది కంపను కొట్టే రోజులు కావడం వల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ముళ్ల గురించే ఉన్నాయి. తుమ్మ ముల్లు, రేగు ముల్లు సంగతి మనవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నాగజెముడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేయకూడని పనులే ముందుగా చేస్తున్నారని ఈ ఉత్తరాలు చదివితే తెలుస్తున్నది. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

దేవరకొండ దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక మహిళా రైతు: డాక్టరు గారికి నమస్కారాలు. మా చెలక గెట్టు మీద పెరిగిన నాగజెముడును నేను, మా ఆయన కలిసి కొట్టేశాము. పెద్ద ముళ్లను పిన్నీసుతో తీసుకున్నాము. కానీ రెండు చేతులకూ, మెడకూ కంటికి ఆనని సన్న ముళ్లు దిగి నాలుగు రోజులుగా ఒకటే దురద, మంట. గీరితే ఇంకా ఎక్కువవుతున్నది. ఆ రోజు కట్టుకున్న చీరను మిగతా బట్టలతో కలిపి ఉతికాను. ఇప్పుడు పిల్లలు తమ బట్టలు తొడుక్కున్నా గీరుకుంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీకు గుచ్చుకున్నవి రెండు రకాల ముళ్లు. రెండింటినీ తీసే పద్ధతి ఒకటి కాదు కాబట్టి ముందుగా ఆ తేడా చెబుతాను. నాగజెముడు ఆకు మీద (మనం ఆకు అంటున్నాం గానీ అది నిజానికి కాండమే) అక్కడక్కడ కన్నుల్లాంటి బుడిపెలు ఉంటాయి. ఆ కన్నుల నుంచి అంగుళం, అంతకన్నా పొడవైన గట్టి ముళ్లు బయటికి పొడుచుకు వస్తాయి. అవి అందరికీ కనిపిస్తాయి, గుచ్చుకుంటే వెంటనే తెలుస్తుంది, పట్టుకుని లాగితే చాలావరకు వచ్చేస్తాయి. వాటి మొదట్లో పసుపుపచ్చని కుచ్చులాగా కనిపించేవి నూగు ముళ్లు. ఒక్కో కుచ్చులో అవి పదుల నుంచి వందల వరకు ఉంటాయి, తాకీ తాకకముందే ఊడి వచ్చి చర్మంలోనో బట్టలోనో దిగిపోతాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒక్కో నూగు ముల్లు ఒంటి మీద ఇంటి కప్పుకు పెంకులు పేర్చినట్లు సన్నని కొక్కేలు వరుసలుగా, అన్నీ వెనక్కు వాలి ఉంటాయి. చిన్నప్పుడు మీసాల గడ్డి వెన్నును చొక్కా చేతిలో దూర్చుకుని ఆడినవాళ్లకు దీని మర్మం తెలుసు. చేతిని ఎటు ఆడించినా ఆ వెన్ను పైకే పాకుతుంది తప్ప కిందికి రాదు. నూగు ముల్లు కూడా అంతే. మీరు గీరిన ప్రతిసారీ, తువ్వాలతో తుడిచిన ప్రతిసారీ, అది ఇంకొంచెం లోపలికి పోతుంది లేదా చర్మం దగ్గర విరిగిపోతుంది.

దూలగొండి నూగు తగిలితే వచ్చే దురదను, దీనిని ఒకటే అనుకుంటారు కొందరు. దూలగొండి కాయ నూగులో దురద పుట్టించే రసాయనమే ఉన్నది. నాగజెముడు నూగులో ప్రధానంగా బాధపెట్టేది ఆ ముల్లే కాబట్టి, పైన ఏ పూత పూసినా లోపల ముల్లు ఉన్నంతకాలం బాధ పూర్తిగా పోదు. తీయడమే అసలు వైద్యం.

తీయడానికి కూర్చునే ముందు ఆ చీరను, రవికెను విప్పి పక్కన పెట్టాలి, విప్పేటప్పుడు అవి ముఖానికీ మెడకూ రాసుకోకుండా చూసుకోవాలి. గుండీలు లేని బనియన్, టీషర్టు లాంటివాటిని తల మీదుగా లాగడం కన్నా, పాతవైతే కత్తెరతో ముందు వైపు కత్తిరించి తీయడం నయం. ఒక చేతికి దిగిన ముళ్లను రెండో చేతి వేళ్లతోనో, మన దగ్గర చాలామంది చేసినట్లు పళ్లతోనో లాగకండి. వేళ్లలోనూ పెదవుల మీదా కొత్తగా దిగుతాయి. పగటి వెలుతురులో కూర్చుని, ఇంకొకరిని టార్చిలైటును చర్మానికి ఏటవాలుగా పట్టుకోమనండి. నిటారుగా వెలుగు పడితే కనిపించని నూగు, పక్కనుంచి వెలుగు పడేసరికి మెరుస్తుంది. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. కనుబొమ్మల వెంట్రుకలు తీసే సన్న మొన చిమ్టాను సబ్బు నీళ్లతో కడిగి, ముల్లును చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, అది ఏ వాలున దిగిందో ఆ వాలుననే వెనక్కు లాగాలి, మెలితిప్పకూడదు. గుంపుగా ఉన్నచోట మొదలుపెడితే పని తొందరగా సాగుతుంది. చిమ్టా కొనకు అంటుకున్న నూగును ప్రతిసారీ తడిగుడ్డకు తుడవకపోతే తీసినదే మళ్లీ ఇంకోచోట గుచ్చుకుంటుంది.

చిమ్టాకు అందనివి మిగిలితే, బడిపిల్లలు కాగితాలకు అంటించే తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ ఎంఆర్ లాంటిది, పలుచగా పూసి, దానిమీద ఒక్క పొర పలుచని గాజుగుడ్డ పరిచి, పూర్తిగా ఆరేదాకా అరగంటో ఇంకాస్త ఎక్కువో ఆగి, ఒక అంచు నుంచి మెల్లగా ఒలిచివేయాలి. కొన్ని నూగు ముళ్లు ఆ పొరతోపాటు లేచి వస్తాయి, అవసరమైతే ఇంకోసారి చేయవచ్చు. ఇది వంటింటి చిట్కా అని కొట్టిపారేయకండి. అమెరికాలో పిల్లల వ్యాధుల వైద్య పత్రికలో 1987లో అచ్చయిన ఒక పరిశోధనలో కుందేళ్ల చర్మంలో దిగిన ఈ ముళ్లను రకరకాలుగా తీసి చూశారు. చిమ్టాతో 76 శాతం, తెల్ల జిగురుతో 63 శాతం వచ్చాయి. అందరికీ మొదట గుర్తుకు వచ్చే అతుకుడు టేపుతో సుమారు 30 శాతమే వచ్చాయి. అందుకే నేను ముందు చిమ్టా, ఆ తరువాత జిగురు అంటాను, టేపును ఒంటికి కాక బట్టలకు వాడమంటాను. అయితే పుండు పడినచోట, గీరి గీరి తోలు లేచినచోట, కళ్ల దగ్గర, నోటి దగ్గర ఈ జిగురు పూయకూడదు. ఫెవిక్విక్ లాంటి క్షణంలో పట్టే జిగురును ఎక్కడా వాడకూడదు. అది చర్మాన్నే అతికిస్తుంది, లాగితే ముల్లుకు బదులు తోలు వస్తుంది.

తీయడం అయ్యాక సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. మీకు నాలుగు రోజులు గడిచాయి కాబట్టి కొన్ని ఇప్పటికే లోపల విరిగి ఉంటాయి. వాటికోసం పిన్నీసుతో తవ్వకండి. పైపొరలో చిక్కుకున్న నూగు చర్మం సహజంగా రాలేటప్పుడు దానంతటదే బయటికి వస్తుంది. కొన్నిచోట్ల గోధుమగింజ అంత ఎర్రని గట్టి బొడిపెలు వచ్చి వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు ఉండవచ్చు. అది లోపలి ముల్లు ముక్క చుట్టూ ఒళ్లు కట్టుకునే గోడ. దురదకు పూత మందు, మాత్ర ఏది వాడాలో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని తీసుకోండి. చాలా దుకాణాలలో గజ్జికీ దద్దుర్లకూ అన్నింటికీ కలిపి ఇచ్చే మూడు మందుల ట్యూబు మాత్రం కొనవద్దు. ముల్లు ఉన్న సంగతి చెప్పకపోతే డాక్టరు కూడా ఆ బొడిపెలను చూసి గజ్జి అనుకునే అవకాశం ఉన్నది. నాగజెముడు పండ్లు కోసే కూలీలకు వచ్చే ఈ జబ్బు అచ్చం గజ్జిలాగే కనిపిస్తుందని చర్మవైద్య గ్రంథాలలో ఉన్నది.

ధనుర్వాతం టీకా మాట కూడా చెప్పాలి. ఆ క్రిమి బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి, ముల్లు వాటిని సూదిలాగా లోపలికి తీసుకుపోతుంది. మట్టిపట్టిన ముల్లు లోతుగా దిగినప్పుడు, కిందటి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ ఒకటి వేయించుకోవాలి. ఊళ్లో ఇప్పటికీ టీటీ సూది అనే అంటారు గానీ, ఇప్పుడు దానికి బదులు టీడీ టీకా ఇస్తున్నారు.

ఇక పిల్లల బట్టల సంగతి. మీ చీరలోని నూగు ఉతికేటప్పుడు నీళ్లలోకి, నీళ్లనుంచి మిగతా బట్టల్లోకి చేరింది. బండమీద రుద్దడంవల్ల అది పోగుల మధ్యలో ఇంకా బలంగా దిగి ఉంటుంది. ఇప్పుడు ఆ బట్టలన్నింటినీ ఎండలో బాగా ఆరనిచ్చి, లోపలి వైపు పైకి తిప్పి, చదునైన బల్ల మీద పరిచి, వెడల్పు పార్సిల్ టేపును అద్దుతూ లేపుతూ మొత్తం బట్ట మీదుగా రండి. టేపును ఈడ్చకూడదు. మెడపట్టీ, చేతి అంచు, నడుము నాడా దగ్గర ఎక్కువసేపు చూడండి, ఎందుకంటే మడతల్లోనే నూగు దాక్కుంటుంది. ఆ తరువాత ఒక్కోదాన్ని విడిగా బకెట్టులో జాడించి, ఆ నీళ్లను నడిచే దారిలో కాకుండా దూరంగా పారబోయండి. వాషింగ్ మిషన్ ఉన్నవాళ్లు ఇలాంటి బట్టలను అందులో వేయవద్దు. ఇప్పటికే వేసి ఉంటే, ఖాళీ మిషన్‌ను ఒకసారి తిప్పి, లోపలి డ్రమ్మును, పీచు పట్టే జల్లెడను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. లోపలి బట్టలు, మేజోళ్లు, తువ్వాలలో దిగి ఉంటే వాటిమీద ఆశ వదులుకోవడమే మంచిది. వంద రూపాయల తువ్వాలను కాపాడుకోవడానికి నెల రోజుల దురద భరించనక్కరలేదు.

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక విద్యార్థి: మాది గొర్లు కాసే కుటుంబం. మా తాతగారి గొంగడి గాలికి నాగజెముడు పొద మీద పడింది. దానినిండా ముళ్లు. దులిపితే పోవడం లేదు. అది ఆయనకు పెళ్లినాటిది, పారేయమని చెప్పలేము.

జవాబు: పారేయమని నేనూ చెప్పను. తువ్వాలకు చెప్పిన సలహా గొంగడికి వర్తించదు. నల్లగొర్రె ఉన్ని గొంగడి ఇప్పుడు కొందామన్నా అంత తేలికగా దొరకదు, అది వాన కాచింది, ఎండ కాచింది. కష్టమైనా శుభ్రం చేసుకోవచ్చు.

ముందుగా ఇంటికి దూరంగా, పిల్లలూ కోళ్లూ తిరగనిచోట, రెండు గుంజలకు కట్టిన తాడు మీద వేయండి. గాలి మీ వీపు వైపు నుంచి గొంగడి వైపు వీచేటట్లు నిలబడండి, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని కళ్లద్దాలు పెట్టుకోండి, ఎందుకంటే ఎండిన నూగు గాలికి లేస్తుంది. పెద్ద ముళ్లను కరెంటు పనివాళ్లు వాడే ముక్కుపట్టుకారుతో ఒక్కొక్కటే తీయాలి. అవి ఉన్నిలో అడ్డంగా దిగి రెండోవైపు మొన చూపిస్తుంటాయి. మొన కనిపించినవైపు నుంచే లాగితే కొక్కేలు అడ్డం రావు. ఇది ఒంటికి లేని వెసులుబాటు, బట్టకే ఉన్నది. ఆ తరువాత గట్టి ఇనుప తీగల బ్రష్షుతో, ఉన్ని వాలు ఎటు ఉంటే అటే, ఒకే దిక్కుకు దువ్వండి. ఎదురు దువ్వితే నూగు వేళ్లదాకా దిగుతుంది. దువ్విన ప్రతిసారీ బ్రష్షును టేపు మీద అద్ది శుభ్రం చేయండి. చివరగా రెండు వైపులా టేపు అద్దండి. ఇది ఒకరోజు పని కాదు, నాలుగైదు పూటలు పట్టవచ్చు. ముళ్లు పోయాయో లేదో చూడడానికి తాతగారి ఒంటి మీద కప్పి చూడకండి. చీకటి గదిలో టార్చిలైటును గొంగడికి సమాంతరంగా పట్టుకుంటే మిగిలినవి మెరుస్తాయి. అన్నీ అయ్యాక కూడా కొన్నాళ్లపాటు దానికింద పలుచని నూలు దుప్పటి వేసి కప్పుకోమనండి.

నల్లగొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు: నాగజెముడు ఆకు మీద దూదిలాంటి తెల్లని పదార్థం కనిపిస్తే చేత్తో నలిపాను. రక్తంలాంటి ఎరుపు వచ్చి తెల్ల పంచెకు అంటింది. ఇది విషమా? మరక పోతుందా?

జవాబు: విషం కాదు మాస్టారూ. ఆ దూది కింద ఉన్నవి నాగజెముడు రసం తాగి బతికే చిన్న పురుగులు, మీ పంచెకు అంటింది వాటి ఒంట్లోని ఎర్రరంగు. ఈ జాతి పురుగులలో ఒకదాని నుంచి తీసే ఎరుపును మెక్సికోవాళ్లు వందల ఏళ్లుగా బట్టల అద్దకానికి వాడారు. దక్కను చెలకలను ఆక్రమించిన నాగజెముడును అదుపుచేయడానికి 1926లో శ్రీలంక నుంచి మన దేశానికి తెప్పించిన పురుగు కూడా ఈ కోవలోదే. మీ తాతల కాలంలో గెట్లన్నీ నిండి ఉండేదని చెప్పుకునే నాగజెముడు ఇప్పుడు అక్కడక్కడే కనిపించడానికి ఒక కారణం మీరు నలిపిన ఆ పురుగే.

మరక నూలు బట్ట మీద తొందరగానే పోతుంది, వెంటనే చల్లని నీళ్లలో జాడించి ఆ తరువాత సబ్బు పెట్టండి. సబ్బు తగలగానే ఎరుపు ఊదారంగుకు తిరుగుతుంది, కంగారు పడవద్దు, క్షారం తగిలితే ఆ రంగుకు అది సహజం. పటిక నీళ్లలో మాత్రం ముంచకండి, పటిక ఈ రంగును పోగులకు పట్టించే పదార్థం. పట్టుపంచె అయితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. మీరు చెప్పలేదు గానీ, ఆ దూదిని నలిపిన వేళ్లకు నూగు ముళ్లు దిగకుండా ఉండవు. పైన దేవరకొండ పాఠకురాలికి రాసినది చూడండి.

నారాయణపేట నుంచి ఒక పాఠకుడు: మా నాన్నగారికి అరవై దాటాయి, షుగర్ ఉన్నది. చెప్పులు లేకుండా గెట్టు మీద నడిచినప్పుడు అరికాలులో జెముడు ముల్లు దిగి విరిగింది. నొప్పి లేదంటున్నారు. జిల్లేడు పాలు పోస్తే ముల్లు బయటికి వస్తుందని కొందరు, బెల్లం సున్నం కలిపి కట్టమని కొందరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. నొప్పి లేదన్న మాటే నన్ను భయపెడుతున్నది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు లోపల చీము పట్టించినా సలుపు తెలియదు, మేజోడుకు తడి అంటినప్పుడో వాసన వచ్చినప్పుడో చూసుకుంటారు, అప్పటికి ఎముక దాకా పోయిన కేసులను చూశాను. ఉత్తరం రాసి జవాబుకోసం ఎదురుచూసినన్ని రోజులు కూడా ఆగవలసింది కాదు. ఇది చదివిన రోజే ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్లండి, షుగర్ చీటీ వెంట తీసుకువెళ్లండి, ముల్లు విరిగి లోపల ఉన్నదని మీరే ముందుగా చెప్పండి.

బెల్లం సున్నం కట్టు గురించి అడిగినందుకు ఒక మాట. సున్నం క్షారం, రాత్రంతా కట్టి ఉంచితే చర్మం కాలుతుంది. చర్మం మెత్తబడి ఒక్కోసారి ముల్లు తల పైకి కనిపిస్తుంది కాబట్టి జనానికి దానిమీద నమ్మకం కుదిరింది. స్పర్శ లేని కాలికి ఆ కాలిన గాయమే ముల్లుకన్నా పెద్ద ప్రమాదం. జిల్లేడు పాలతో ఇంకో ముప్పు ఉన్నది. ఆ చేతితో కన్ను నలుపుకుంటే, పెద్దగా నొప్పి లేకుండానే కొన్ని గంటల్లో చూపు మసకబారుతుంది, నల్లగుడ్డు పొర ఉబ్బుతుంది. గెట్ల మీద ఉండే బొంతజెముడు, ఆకుజెముడు నాగజెముడుకు చుట్టాలు కావు, తుంచితే తెల్లని పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, వాపు వస్తాయి. ఏ పాలు పడినా వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. నూగు ముల్లు కంట్లో పడితే నలపకుండా, చిమ్టా పెట్టకుండా, కన్ను మూసి నేరుగా జిల్లా ఆసుపత్రికి గానీ, హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గానీ వెళ్లాలి.

ముల్లు గుచ్చుకున్న పాదం నెలల తరువాత నొప్పి లేకుండా వాచి, చిన్న చిన్న రంధ్రాల నుంచి నల్లనివో తెల్లనివో రవ్వలు రావడం మొదలుపెడితే అది మధుర పాదం అనే జబ్బు కావచ్చు. మధురై పేరుతోనే ప్రపంచమంతటికీ తెలిసిన ఈ జబ్బు, చెప్పులు లేకుండా పొలాల్లో నడిచేవాళ్లకు మట్టి, ముళ్ల ద్వారా వస్తుంది. ఇది అరుదు, కానీ మొదట్లోనే పట్టుకుంటే కాలు దక్కుతుంది.

జడ్చర్ల వైపు నుంచి ఒక రైతు: మా డ్రాగన్ ఫ్రూట్ తోటలో కొమ్మలు కత్తిరిస్తుంటే ఒక కూలీ మధ్యవేలు కణుపు మీద ముల్లు గుచ్చుకుంది. నెలన్నర అయింది. వేలు వాచి మడత పడడం లేదు. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. మాత్రలు వాడినన్ని రోజులు తగ్గి, ఆపగానే మళ్లీ వాస్తున్నది.

జవాబు: డ్రాగన్ ఫ్రూట్ కూడా నాగజెముడు కుటుంబంలోదే, అయితే దానికి నూగు ముళ్లు ఉండవు, పొట్టిగా గట్టిగా ఉండే ముళ్లే ఉంటాయి. అవి కణుపు దగ్గర దిగితే విరిగి, కీలు లోపల ఉండిపోతాయి. చెట్టు ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు, కాబట్టి ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినంత మాత్రాన లోపల ముల్లు లేదని చెప్పడానికి వీలులేదు. మృదువైన కండను చూపించే అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీయించాలి. మాత్రలతో తగ్గి మళ్లీ మళ్లీ వాస్తున్నదంటే కీలు పొరలో ముల్లు తునక ఉన్నదనే నేను అనుమానిస్తాను. దాన్ని శస్త్రచికిత్స చేసి తీసేదాకా మాత్రలు ఎన్ని మింగినా ప్రయోజనం ఉండదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి పంపించండి, ముల్లు ఏ చెట్టుదో, ఏ రోజు దిగిందో కాగితం మీద రాసి ఇవ్వండి.

మిగతా కూలీలకోసం ఇంకో మాట. అరచేయివైపు ముల్లు దిగిన తరువాత వేలు మొత్తం వాచి, కొంచెం వంగి ఉండిపోయి, నిటారు చేయబోతే ప్రాణం పోయినంత నొప్పి వచ్చి, వేలి పొడవునా నొక్కితే నొప్పి ఉంటే, అది కండను ఎముకకు కలిపే నరం తాడు తొడుగులో చీము పట్టిన సూచన. మరునాటిదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చాలి. తోటపనికి అల్లిన నూలు చేతితొడుగులు పనికిరావు, ముల్లు వాటి గుండా దిగుతుంది. మందమైన తోలు తొడుగులు కొనివ్వండి. ఆ ఖర్చు యజమాని పెట్టుకోవలసినదే.

అచ్చంపేట నుంచి ఒక తల్లి: మా బాబు బడినుంచి వస్తూ నాగజెముడు పండ్లు తిన్నాడు. నాలుక మీద, పెదవి లోపల ముళ్లు దిగాయి. ఏం చేయాలి?

జవాబు: బాబును ముందు మాట్లాడనివ్వకుండా, మింగనివ్వకుండా, నీళ్లు పుక్కిలించి ఉమ్మమనండి. వెలుతురులో నోరు తెరిపించి, పైకి కనిపించే ముళ్లను చిమ్టాతో తీయండి. పొడి గాజుగుడ్డతో నాలుకను, పెదవిని పట్టుకుంటే జారకుండా ఉంటాయి. నోట్లో జిగురు, నూనె, తేనె ఏదీ పూయకండి. గొంతులో గుచ్చుకుంటున్నదన్నా, చొంగ కారుతున్నా, ఊపిరి బరువైనా, పెదవి వాస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకటి రెండు సన్నవి మిగిలినా సాధారణంగా నోటి చర్మం వాటిని త్వరగానే వదిలించుకుంటుంది. ఆ పండు మంచిదే, తినవద్దని నేను అనను. మా చిన్నతనంలో మేమూ నాలుక ఎర్రగా చేసుకుని ఇంటికి వెళ్లి దెబ్బలు తిన్నవాళ్లమే. కానీ పెద్దవాళ్లు దాన్ని కర్రతో రాల్చి, ఇసుకలో కాలితో బాగా దొర్లించి, నీళ్లలో కడిగి, రెండు కొనలు కోసి, తోలు ఒలిచి లోపలి గుజ్జు మాత్రమే పెట్టేవారు. పిల్లలు తమంతట తాముగా తెంపుకుంటే ఈ పనులన్నీ ఎగ్గొడతారు.

సూర్యాపేట నుంచి ఒక పాఠకురాలు: నర్సరీలో కుందేలు చెవుల్లా ముద్దుగా ఉన్న మొక్కను కొన్నాను. ముళ్లు లేవన్నారు. ఇప్పుడు ఇంట్లో అందరికీ చేతులు దురద పెడుతున్నాయి.

జవాబు: పొడవు ముళ్లు లేవన్నది నిజమే. ఆ మొక్క మీద చుక్కలు చుక్కలుగా కనిపించే పసుపు లేదా తెల్లని కుచ్చులన్నీ నూగు ముళ్లే. అది కూడా నాగజెముడు జాతిదే, మెత్తగా కనిపించడంవల్ల పిల్లలు నిమురుతారు కాబట్టి గెట్టుమీది దానికన్నా ఇంట్లో ఎక్కువ బాధ పెడుతుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దాన్ని ఇంట్లోంచి తీసేయండి. కుండీని పాత పత్రికలో చుట్టి పట్టుకోండి, దాని పక్కన ఉన్న కర్టెనుకూ సోఫా గుడ్డకూ టేపు అద్దండి. తీసిన మొక్కను చెత్తకుప్ప మీదా, రోడ్డు పక్కనా వేయవద్దు. తుంచిన ఒక్క ముక్క మట్టికి తగిలినా వేరు పోసుకుంటుంది. గోనెసంచిలో వేసి మూతి కట్టి, ఎండకు పూర్తిగా ఎండిపోయేదాకా డాబా మీద ఒక మూలన ఉంచండి, ఆ సంచి మీద ఎవరూ కూర్చోకుండా చూసుకోండి.